కరెంటు వచ్చాక మళ్లీ తిరగాలి

మే నెల, మధ్యాహ్నం. రెండు గంటలసేపు పోయిన కరెంటు వచ్చింది. ఫ్యాన్లు తిరిగాయి, ఫ్రిజ్ మొదలైంది. చేపల ట్యాంకు దగ్గర మాత్రం రోజూ వినపడే నీళ్ల చప్పుడు లేదు. దాని బదులు సన్నటి గరగర. వెనక వేలాడుతున్న ఫిల్టర్ మూత తీశాను. డబ్బాలో నీళ్లున్నాయి, మోటారూ తిరుగుతోంది. నీళ్లు పీల్చే గొట్టం పైవంపులో వేలెడంత గాలి కూర్చుని ఉంది. ఎండలకి ట్యాంకులో నీళ్లు నాలుగు వేళ్లు తగ్గాయి, నేను పోయలేదు. మోటారు ఆ గాలిని దాటించలేక ఉన్న నీళ్లనే చిలుకుతోంది. చెంబుతో ట్యాంకు నీళ్లే ముంచి డబ్బా నిండా పోశాను. గొట్టంలోంచి బుడబుడమంటూ గాలి బయటపడింది, ఒక్క దగ్గు దగ్గినట్టు చేసి నీళ్లు అంచు మీంచి దూకడం మొదలుపెట్టాయి. ఆ రోజు సెలవు కాబట్టి ఇంట్లో ఉన్నాను.

ట్యాంకు వెనక అద్దానికి తగిలించే ఈ డబ్బాని మన దుకాణాల్లో హ్యాంగింగ్ ఫిల్టర్ అంటారు. కొనబోతే మొదట చెప్పేది గంటకి ఎన్ని లీటర్లు తిప్పుతుందో. తర్వాత ధర. ఇన్నేళ్లు చేపల్ని పెంచాక నా లెక్కలో ఆ రెండూ వెనకే వస్తాయి. ముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి: కరెంటు పోయి వచ్చాక తనంతట తాను మళ్లీ మొదలవుతుందా? కడిగి పెట్టాక లోపల బతుకుతున్నది ఎంత మిగులుతుంది? ఈ సమీక్షంతా ఆ రెండు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది.

లోపల బతుకుతున్నదేమిటో ముందు చూద్దాం. చేప పెంట, మిగిలిపోయిన తిండి కంటికి కనపడతాయి. వాటిని ఫిల్టర్‌లోని స్పాంజ్ పట్టేస్తుంది. అసలు విషం కంటికి కనపడదు. చేప మొప్పల గుండా నిరంతరం అమ్మోనియా వదులుతుంది, కుళ్లిన తిండి నుంచి కూడా అదే వస్తుంది. నీళ్లు అద్దంలా తేటగా ఉన్నా చేపలు చచ్చిపోవచ్చు. ఒక జాతి సూక్ష్మజీవులు అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తాయి, మరో జాతి ఆ నైట్రైట్‌ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే, చేప రక్తం ఆక్సిజన్ మోయకుండా చేస్తుంది. నైట్రేట్ మాత్రం చాలా ఎక్కువైతే తప్ప ప్రాణం మీదికి రాదు. దాన్ని ఏ మామూలు ఫిల్టరూ తీయలేదు. వారానికోసారి పావు వంతు నీళ్లు మార్చాల్సిందే.

ఈ సూక్ష్మజీవుల కథ నూటముప్పై ఏళ్లకు పైగా సాగుతోంది. సెర్గీ వినోగ్రాడ్‌స్కీ అనే శాస్త్రవేత్త 1890 ప్రాంతంలో వాటిని విడదీసి చూపించాడు. ఆ తర్వాత చాలాకాలం అక్వేరియం పుస్తకాలన్నీ నైట్రైట్ పని చేసేది నైట్రోబాక్టర్ అనే రాశాయి. 1998లో టిమోతీ హొవానెక్, ఆయన సహచరులు మంచినీటి అక్వేరియంలలో ఆ పని చేస్తున్నది నైట్రోస్పైరా జాతి అని చూపించారు. 2011లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం పరిశోధకులు మరో అడుగు వేశారు. మంచినీటి అక్వేరియం ఫిల్టర్లలో అమ్మోనియా పని ఎక్కువగా చేసేవి అసలు బ్యాక్టీరియానే కావనీ, ఆర్కియా అనే వేరే కోవ జీవులనీ తేల్చారు. 2015లో రెండు పనులూ ఒక్కటే చేసుకోగల నైట్రోస్పైరాలు బయటపడ్డాయి. వాటిలో ఒకటి దొరికింది చేపల పెంపకానికి వాడే ఫిల్టర్‌లోనే. కొనేవాడికి దీంట్లో పనికొచ్చే మాట ఒకటుంది. ఈ జీవులు నీళ్లలో తేలుతూ ఉండవు, దేన్నో ఒకదాన్ని పట్టుకుని జిగురుపొరలా బతుకుతాయి. వాటికి కావలసింది పట్టుకోవడానికి చోటు, ఆక్సిజన్, కొన్ని వారాల సమయం. ఈ మూడూ ఇచ్చే ఫిల్టరే మంచి ఫిల్టర్.

మన నీళ్లలో ఈ సంగతికి మరింత బరువుంది. నీళ్ల పీహెచ్ 7 దగ్గర ఉండి వేడి 25 డిగ్రీలు ఉంటే, ఉన్న అమ్మోనియాలో విషరూపం దాదాపు అర శాతమే. అదే పీహెచ్ 8కి పోతే సుమారు 5 శాతం, అంటే పది రెట్లు. మన బోరు నీళ్లు చాలాచోట్ల క్షారం వైపే మొగ్గి ఉంటాయి. ఎండాకాలంలో వేడి దానికి తోడవుతుంది. వేడెక్కిన నీళ్లలో ఆక్సిజన్ కూడా నిలవదు: 25 డిగ్రీల దగ్గర లీటరుకి దాదాపు 8.3 మిల్లీగ్రాములు పడితే, 30 దగ్గర 7.5, 35 దగ్గర 7. భీమవరం, కైకలూరు వైపు చెరువు రైతులకి ఇది ఎవరూ చెప్పక్కర్లేదు. రాత్రి కరెంటు పోతే ఏరేటర్లు ఆగకుండా డీజిల్ జనరేటర్‌కి పరుగెత్తేది అందుకే. రెండడుగుల గాజు ట్యాంకులోనూ లెక్క అదే, చెరువు చిన్నదంతే.

హ్యాంగింగ్ ఫిల్టర్ మంచితనం ఇక్కడే ఉంది. దాన్నుంచి నీళ్లు పలచని తెరలా పైనుంచి పడతాయి, పడ్డచోట నీటిపైభాగం కదులుతుంది, ఆక్సిజన్ లోపలికి పోతుంది. డబ్బా గాలికి తెరిచే ఉంటుంది కాబట్టి కరెంటు పోయినప్పుడు కూడా, మూసేసిన క్యానిస్టర్ ఫిల్టర్‌లో లాగా లోపలి జీవులకి అంత త్వరగా ఊపిరాడకుండా పోదు. చెయ్యి ట్యాంకులో పెట్టకుండానే మూత తీసి స్పాంజ్ బయటికి లాగొచ్చు. ట్యాంకు లోపల చోటు తినదు. ఒకటిన్నర అడుగు నుంచి మూడడుగుల ట్యాంకు వరకూ ఇంటికి దీన్ని మించిన తూకం నాకు కనపడలేదు.

ఇక కరెంటు సంగతి. ఈ ఫిల్టర్లలో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. ఒకదాంట్లో మోటారు బయటి డబ్బా అడుగున ఉంటుంది. ట్యాంకులోంచి అద్దం అంచు దాటి వచ్చే వంపు గొట్టంలో నీళ్లు తెగకుండా ఉంటేనే అది పీల్చగలదు. కరెంటు పోతే డబ్బాలో నీళ్లు ట్యాంకు మట్టానికి వచ్చి ఆగుతాయి, గొట్టం నిండే ఉంటుంది, కరెంటు రాగానే మళ్లీ మొదలవుతుంది. ఇదంతా గొట్టం అతుకుల్లోంచి గాలి దూరనంత వరకే, ట్యాంకు నిండుగా ఉన్నంత వరకే. కెనడాకి చెందిన హేగన్ కంపెనీ ఆక్వాక్లియర్ ఈ కోవలోది. రెండో రకంలో మోటారు పీల్చే గొట్టం వైపు, ట్యాంకు నీళ్లలో మునిగి ఉంటుంది. కాబట్టి నీళ్లు పోసి మొదలుపెట్టాల్సిన పని లేదు. సీకెమ్ అమ్మే టైడల్ ఇలాంటిది. దీన్ని ఇటలీకి చెందిన సీచే తయారుచేస్తుంది, నీటిపైన తేలే నూనె పొరని లాగే ఏర్పాటు కూడా ఉంటుంది. మన దగ్గర తక్కువ ధరకి దొరికే చైనా ఫిల్టర్లలోనూ రెండు రకాలూ ఉంటాయి. పెట్టె మీద బొమ్మలో మోటారు ఎక్కడుందో చూస్తే తెలిసిపోతుంది. రోజూ కరెంటు పోయే ఊళ్లో, పగలంతా తాళం వేసి ఉండే ఇంట్లో నేనైతే కళ్లు మూసుకుని మునిగే మోటారు రకమే తీసుకుంటాను. మొదటి రకమే ఉంటే వేసవిలో రెండు రోజులకోసారి నీళ్లు నింపాలి. అంతకన్నా ముఖ్యంగా, గొట్టం అతుకు దగ్గర రబ్బరు వాషర్ గట్టిపడిందేమో ఏడాదికోసారైనా చూసుకోవాలి.

ఇన్వర్టర్ ఉన్నవాళ్లు ఫిల్టర్‌ని దాని లైనులో పెట్టేయొచ్చు. చిన్న ఫిల్టర్ తినేది ఐదారు వాట్లు, రాత్రింబవళ్లు నడిచినా నెలకి నాలుగున్నర యూనిట్లు దాటదు. ఇన్వర్టర్ స్క్వేర్ వేవ్ రకమైతే మాత్రం ఈ మోటార్లు మూలుగుతాయి, వేడెక్కుతాయి. సైన్ వేవ్ ఇన్వర్టర్ మీద ఆ బాధ లేదు.

అమెరికా నుంచి వచ్చే తమ్ముడికో మేనల్లుడికో మంచి ఫిల్టర్ ఒకటి తెమ్మని చెప్పేవాళ్లు చాలామంది. అక్కడి ఫిల్టర్ 120 వోల్టులది, 60 హెర్ట్‌జ్‌ది. మన 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే కాయిల్ కాలిపోతుంది. వోల్టేజీ తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా హెర్ట్‌జ్ మారదు. ఈ చిన్న మోటార్లు కరెంటు లయకి కట్టుబడి తిరుగుతాయి, అందుకే 50 హెర్ట్‌జ్ మీద ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతాయి, వేడి కూడా ఎక్కువ పుడుతుంది. అంత దూరం నుంచి ప్రేమగా మోసుకొచ్చిన వస్తువు మూలన పడకుండా ఉండాలంటే, అదే కంపెనీ 230 వోల్టుల రకం ఇక్కడే వెతుక్కోవాలి. అక్కణ్నుంచి తెమ్మనడానికి ఫిల్టర్‌లో పెట్టే స్పాంజ్, సూక్ష్మజీవులు పట్టుకునే సిరామిక్ రింగులు సరిపోతాయి. వాటికి వోల్టేజీ గొడవ లేదు.

ఇక ఆ గంటకి ఎన్ని లీటర్లన్న సంగతి. ట్యాంకు నీళ్లని గంటకి నాలుగు నుంచి ఆరు సార్లు తిప్పాలన్నది వాడుకలో ఉన్న లెక్క. ముందు మీ ట్యాంకు ఎన్ని లీటర్లో కట్టండి. ఘనపుటడుగుకి 28.3 లీటర్లు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉంటే 56 లీటర్ల పైచిలుకు. గులకరాళ్లు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే నిజానికి ఉండేది నలభై ఐదు, యాభై. దానికి గంటకి 200 నుంచి 300 లీటర్లు చాలు. పెట్టె మీద అంకె ఖాళీ డబ్బాతో కొలిచింది. లోపల స్పాంజ్ పెట్టగానే తగ్గుతుంది, రెండు వారాల మురికి పట్టాక ఇంకా తగ్గుతుంది. అందుకని ఒక సైజు పెద్దది తీసుకోమంటారు, నేనూ అంటాను. కారణం మాత్రం వేగం కాదు. పెద్ద డబ్బాలో స్పాంజ్‌కి, రింగులకి చోటెక్కువ. గంటకి వెయ్యి లీటర్లు తిప్పే అగ్గిపెట్టెంత డబ్బా కన్నా నాలుగొందలు తిప్పే లోతైన డబ్బా నయం. విదేశీ మోడల్ పేర్లలో ఉండే 20, 30, 50, 70 లాంటి అంకెలు గ్యాలన్లు, గ్యాలన్ అంటే 3.8 లీటర్లు. 50 అని ఉన్నది దాదాపు 190 లీటర్ల ట్యాంకు కోసమన్నమాట.

వేగం ఎక్కువైతే ఇబ్బంది పడే చేపలూ ఉన్నాయి. ఫైటర్ చేప బరువైన తోకరెక్కలతో ఆ ప్రవాహంలో ఈదలేక ఓ మూల ఆకు చాటున దాక్కుంటుంది. నీళ్లు పడేచోట ఓ స్పాంజ్ ముక్క ఇరికిస్తే నీళ్లు మెత్తగా జారతాయి. గోల్డ్ ఫిష్ దీనికి పూర్తిగా ఎదురు. తినేదీ ఎక్కువ, వదిలేదీ ఎక్కువ. దానికి లెక్కకి రెండింతల ఫిల్టర్ పెట్టినా ఎక్కువ కాదు.

ఇప్పుడు లోపల ఏం పెట్టాలి. ఈ విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది, దానికి వెల కూడా చెల్లించాను. నా మొదటి హ్యాంగింగ్ ఫిల్టర్ కార్ట్రిడ్జ్ రకం. ప్లాస్టిక్ చట్రానికి తెల్లటి దూది లాంటి గుడ్డ, మధ్యలో గుప్పెడు యాక్టివేటెడ్ కార్బన్. నెలకోసారి పాతది పారేసి కొత్తది పెట్టమని కొన్న దుకాణంలో చెప్పారు, శ్రద్ధగా అలాగే చేశాను. మార్చిన నాలుగో రోజు పొద్దున నల్ల మోలీలు నీటిపైన మూతులు పెట్టి గుటకలు వేస్తున్నాయి. అమ్మోనియా పరీక్ష చేస్తే పరీక్ష గొట్టంలో నీళ్లు ఆకుపచ్చగా తిరిగాయి, అంటే అమ్మోనియా పెరిగింది. వెంటనే సగం నీళ్లు మార్చాను. సాయంత్రానికి రెండు పోయాయి. ఆ ట్యాంకులో సూక్ష్మజీవులు పట్టుకుని ఉన్నది ఆ గుడ్డనే. గోధుమరంగు జిగురు పట్టిన ఆ గుడ్డని మురికనుకుని, నెలనెలా నా చేత్తోనే చెత్తబుట్టలో వేశాను.

అప్పటినుంచి కార్ట్రిడ్జ్ చోట స్పాంజ్ కోసి పెడుతున్నాను. అదే కొలతకి కత్తెరతో కత్తిరించిన ముతక స్పాంజ్ ముక్క ఏళ్ల తరబడి ఉంటుంది. డబ్బా లోతుగా ఉంటే నీళ్లు ముందు స్పాంజ్‌లోంచి, తర్వాత సిరామిక్ రింగుల్లోంచి పోయేలా పెట్టాలి. రింగులు ముందుంటే మురికితో వాటి సన్నటి రంధ్రాలు పూడిపోతాయి. ఆక్వాక్లియర్ డబ్బాలో నీళ్లు కింద నుంచి పైకి వస్తాయి కాబట్టి స్పాంజ్ అడుగున, రింగులు పైన. కొన్నింట్లో నీళ్లు అడ్డంగా పోతాయి. ఏదైనా సరే, పక్కల సందులు లేకుండా బిగువుగా పెట్టాలి. నీళ్లకి సందు దొరికితే స్పాంజ్‌లోకి పోవు.

మెరైన్‌ల్యాండ్ కంపెనీ ఒకప్పుడు బయోవీల్ అని నీళ్లు పడేచోట తిరిగే మడతల చక్రం పెట్టింది. నీళ్లలో మునుగుతూ గాలిలో తేలుతూ తిరిగే చక్రం మీద జీవులకి ఆక్సిజన్ కొదవ ఉండదు. ఆలోచన గొప్పది. మన బోరు నీళ్లలోని ఉప్పుకి చక్రం ఇరుసు దగ్గర తెల్లటి పొర కట్టి బిగుసుకుంటుంది, అదొక్కటే చిక్కు. మంచి స్పాంజ్ ఉంటే ఇంటి ట్యాంకుకి చక్రం అవసరం పడదు.

కార్బన్ గురించి పట్టింపు వద్దు. వాసన, రంగు, మందులు పీల్చడానికి అది మంచిదే. కొన్ని వారాల్లో దాని శక్తి అయిపోతుంది. చేపలకి మందు వేసే రోజుల్లో తీసేయాలి, లేకపోతే మందునే పీల్చేస్తుంది. ఫైటర్ కోసం చెట్టు బాదం ఎండుటాకు వేసేవాళ్లు కార్బన్ పెడితే ఆకు ఇచ్చే టీ రంగంతా అదే లాగేస్తుంది. నా ఫిల్టర్‌లో ఏడాదిలో పదకొండు నెలలు కార్బన్ ఉండదు.

కొనేముందు ట్యాంకు వెనకవైపు ఒక్కసారి టేపుతో కొలవండి. మన దగ్గర గాజు పని చేసేవాళ్లు ట్యాంకు పై అంచున బలానికి వెడల్పైన గాజు పట్టీలు అతికిస్తారు. వెనక అద్దం మీద ఆ పట్టీ ఉంటే ఈ ఫిల్టర్ కొక్కెం దిగదు. పెద్ద ట్యాంకులకి మందమైన అద్దం వాడితే కొక్కెం సందు చాలకపోవచ్చు. గోడకి ఆనించిన ట్యాంకు అయితే డబ్బా పట్టేందుకు నాలుగైదు అంగుళాలు ముందుకి జరపాలి. ఆ పని ఖాళీ ట్యాంకుతోనే చేయాలి. యాభై లీటర్ల నీళ్లంటే యాభై కిలోలు, నిండు ట్యాంకుని జరిపితే అతుకులు విడతాయి. ప్లాస్టిక్ పైకప్పు ఉన్న ట్యాంకుకి వెనకవైపు ఫిల్టర్ సైజు గాడి కోయాలి. తగిలించాక డబ్బా నిటారుగా ఉందో లేదో చూడాలి. వెనక్కి వాలితే, నీళ్లు దూకే మూతి ఎప్పుడైనా పూడుకుంటే, నీళ్లు వెనకనుంచి గోడ మీదికి, అక్కణ్నుంచి స్విచ్ బోర్డు వైపు కారతాయి. చాలా ఫిల్టర్లకి అడుగున సర్దుబాటు మర ఉంటుంది. దాన్ని తిప్పి సరిచేయొచ్చు. వైరు ప్లగ్గు కన్నా కిందికి ఓ వంపు వేలాడి పైకి రావాలి. వైరు వెంట జారిన చుక్క ఆ వంపు దగ్గరే కిందపడుతుంది. నీళ్లలో చెయ్యి పెట్టేముందు ప్లగ్ పీకడం పిల్లలకి కూడా నేర్పండి.

గప్పీలు ఉన్న ఇంట్లో మరో జాగ్రత్త. పీల్చే గొట్టం చివర సన్నటి స్పాంజ్ తొడుగు లేకపోతే పుట్టిన పిల్లలు పుట్టినట్టే డబ్బాలోకి పోతాయి. ఆ తొడుగు మురికిని కూడా ముందే పట్టేస్తుంది, లోపలి స్పాంజ్‌కి పని తగ్గుతుంది. ఫిల్టర్ మొత్తంలో అతి చవకైన, అతి ఉపయోగకరమైన భాగం అదేనంటాను.

కొత్త ఫిల్టర్ తగిలించిన రోజే చేపల్ని తెచ్చి వేయకూడదు. జీవులు స్థిరపడడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మిత్రుల ఇంట్లో ఆరోగ్యంగా నడుస్తున్న ట్యాంకు ఉంటే వాళ్ల స్పాంజ్‌లో ఓ ముక్క అడిగి తడిగా తెచ్చి మీ డబ్బాలో పెట్టండి. వారాల పని రోజుల్లోకి వస్తుంది. ఆ ట్యాంకులో జబ్బు చేపలు లేకుండా చూసుకోండి.

కడగడం దగ్గరే మంచి ఫిల్టర్లు కూడా చెడిపోతాయి. మున్సిపల్ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, అది మన కడుపులోకి పోయే క్రిముల్ని చంపడానికి వేసింది. కుళాయి కింద స్పాంజ్‌ని తెల్లబడేదాకా పిండితే మంచివీ చెడ్డవీ చాలా చస్తాయి. వారంవారం నీళ్లు మార్చేటప్పుడు తీసిన ట్యాంకు నీళ్లు బకెట్‌లో ఉంటాయి కదా, అందులోనే స్పాంజ్‌ని రెండు మూడుసార్లు పిండండి. నీళ్లు చిక్కటి టీలా మారతాయి. స్పాంజ్ గోధుమరంగులోనే ఉంటుంది, ఉండనివ్వండి. రింగుల్ని ఆ రోజు ముట్టొద్దు. మరోసారి రింగుల్ని తడిపి కదిపితే స్పాంజ్‌ని వదిలేయండి. రెండూ ఒక్క రోజే కడిగితే నా మోలీలకి పట్టిన గతే పడుతుంది. ట్యాంకులో పోసే కొత్త నీళ్లకి దుకాణాల్లో దొరికే హైపో పలుకులు వేస్తే క్లోరిన్ పోతుంది.

నెలకోసారి మోటారు విప్పాలి. నిమిషం పని. ప్లగ్ పీకి, మోటారుని కొద్దిగా తిప్పి లాగితే లోపల ఇంపెల్లర్ కనపడుతుంది. మిక్సీ రెక్కల లాంటి మూడు నాలుగు రెక్కలు, వెనక బొటనవేలంత అయస్కాంతం, మధ్యలో సన్నటి కడ్డీ. అయస్కాంతం మీద నల్లటి జిగురు పట్టి ఉంటుంది, పాత టూత్‌బ్రష్‌తో తోమాలి. గూటి లోపల ఇసుక రేణువు ఒక్కటి ఉన్నా రాత్రంతా కరకరమంటుంది. చాలామంది మోటారు పాడైందని పారేసేవి నిజానికి ఇలాంటి రేణువు ఇరుక్కున్నవే. బోరు నీళ్ల వల్ల కట్టిన తెల్లటి పెంకుని నిమ్మరసంలో కాసేపు నానబెడితే వదులుతుంది, తర్వాత బాగా కడిగి పెట్టాలి. కడ్డీ సిరామిక్‌ది అయితే చేతిలోంచి జారనివ్వకండి, కిందపడితే రెండు ముక్కలే. కొనేటప్పుడే ఆ మోడల్‌కి విడి ఇంపెల్లర్ దొరుకుతుందా అని అడిగి ఉంచుకోండి.

ఈ ఫిల్టర్ అందరికీ కాదు. చేపపిల్లల్ని పెంచే చిన్న ట్యాంకుకి, ఒక్క ఫైటర్ ఉన్న పది లీటర్ల గాజు డబ్బాకి, గాలి మోటారుతో నడిచే స్పాంజ్ ఫిల్టర్ చవక, మెత్తన. అది బ్యాటరీ గాలి మోటారు మీద కూడా నడుస్తుంది. కార్బన్ డయాక్సైడ్ వదిలి మొక్కలు పెంచేవాళ్లకి పైనుంచి నీళ్లు దూకడం నష్టం, వదిలిన గ్యాస్ చాలావరకు గాలిలో కలిసిపోతుంది. నాలుగడుగులు దాటిన ట్యాంకులో ఆస్కార్లు, ఫ్లవర్‌హార్న్‌ల లాంటి పెద్ద చేపల్ని పెంచితే క్యానిస్టరో, పైన పెట్టే టాప్ ఫిల్టరో కావాలి. మిగిలిన మధ్య సైజు ట్యాంకులన్నిటికీ ఇదే నా మాట. కుదిరితే పక్కన ఓ చిన్న స్పాంజ్ ఫిల్టర్ కూడా నడపండి. ఒకటి ఆగినా రెండోదాని మీద చేపలు ఓ రాత్రి గడుపుతాయి, ఒకదాన్ని కడిగిన రోజు రెండోది సూక్ష్మజీవుల్ని కాపాడుతుంది.

కొన్న రోజే ఒక పరీక్ష పెట్టండి. ఫిల్టర్ అరగంట నడిచాక ట్యాంకు నీళ్లు నాలుగు వేళ్లు తగ్గించి ప్లగ్ పీకేయండి. వంటింట్లోకి వెళ్లి టీ పెట్టుకుని తాగి, పావుగంట తర్వాత వచ్చి మళ్లీ ప్లగ్ పెట్టండి. చెయ్యి వేయకుండా నిలబడి వినండి. నిమిషంలో నీళ్లు దూకిన చప్పుడు రాకపోతే బిల్లు ఇంకా జేబులోనే ఉంది కాబట్టి, ఆ సాయంత్రమే వెనక్కి తీసుకెళ్లండి.